బోడిగుండుకీ మోకాలికీ

షెఫీల్డ్‌లో మా వీధిని ఎవరు గీశారో గానీ
నిచ్చెన గోడకి ఆనించి మరిచిపోయినట్టు గీశారు.
పక్కనే ఇనుప రెయిలింగు, పట్టుకుని దిగడానికి.
ఇరవై తొమ్మిదేళ్ళు దాన్ని ముట్టుకోలేదు,
ముసలివాళ్ళదనుకున్నాను.
మొన్న జనవరిలో, మంచు గడ్డకట్టిన పొద్దున,
నా పేరు చెప్పి దాన్ని పరిచయం చేసుకున్నాను.

మోకాలు ముందే చెప్పింది, నేనే వినలేదు.
మొదట కిర్రుకిర్రు, పాత తలుపు మడతబందులా.
తర్వాత లేచేటప్పుడల్లా
నోరు దానంతటదే "అమ్మా" అనడం.
మా అమ్మ పోయి పదకొండేళ్ళు.
బతికుండగా కూడా ఇన్నిసార్లు పిలిచి ఉండను.

స్కూలు వంటింట్లో పని నాది.
మూడువందల మందికి ఉడికిన బంగాళదుంపలు,
నిండు గిన్నెలు వేళ్ళ కొసల మీద.
"ఉక్కు చేతులే నీవి" అనేది హెడ్ కుక్ డోరీన్.
ఉక్కు చేసిన ఊళ్ళో అది పెద్ద పొగడ్త.
ఉక్కుకీ తుప్పు పడుతుందని
ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

మంగళవారాలు చర్చి హాల్లో క్లాసు.
ఏబిగేల్‌కి ఇరవై ఆరు.
తనకి మోకాళ్ళున్నాయన్న సంగతే ఇంకా తెలీదు,
అందుకే అంత ఓపిగ్గా చెబుతుంది:
సీసా మూత వేళ్ళతో కాదు, అరచేత్తో తిప్పండి.
సంచి మోచేతికి తగిలించండి.
కెటిల్ సగమే నింపండి.
చిన్న కీలు మోసే బరువు పెద్ద కీలుకి అప్పజెప్పండి.
పక్క కుర్చీలో హోదాన్ నవ్వింది:
"మా ఇంట్లో పెద్ద కీలుని నేనే,
నేనెవరికి అప్పజెప్పను?"

మెట్లకి వేరే పాఠం.
ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు,
దిగేటప్పుడు నొప్పి కాలు.
నాకు నొప్పి కుడికాలు.
కొత్తకోడలిగా గడప దగ్గర నిలబడితే
"కుడికాలు, కుడికాలు" అని పదిమంది అరిచిన కాలు.
ముప్పై ఆరేళ్ళు అన్నిటికీ ముందు దాన్నే తోశాను, పాపం.
ఇప్పుడు ఎడమకాలితో మెట్టెక్కి ఇంట్లోకొస్తుంటే
వెనకనుంచి ఎవరో గుర్రుమన్నట్టుంటుంది.
గుర్రుమననీ.

చింతపండు పిసకడం మానేశాను.
డబ్బా గుజ్జు కొని, దొంగసొత్తులా
కందిపప్పు వెనక దాస్తాను.
కత్తిపీట అటకెక్కింది.
నేలమీద కూర్చోవడం ఎంతసేపు,
లేవడానికే మీటింగు పెట్టుకోవాలి.

పడుకుంటే తగ్గుతుందేమోనని వారం పడుకున్నాను. బిగుసుకుంది.
పంతం పట్టి తోటంతా తవ్వాను. వాచింది.
అరిసెల పాకమన్నమాట,
క్షణం అటైనా ఇటైనా చెడుతుంది.

ఆ వాపు రోజే భానోజీ మీద విరుచుకుపడ్డాను.
"ఈ ఏటవాలు వీధిలో ఇల్లు కొన్నది మీరు,
నా కాలు ఇలా అయింది మీ వల్లే!"
"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు" అన్నాడు.
అతనిది నిజంగానే బోడిగుండు.
ఇద్దరం నవ్వాం. నాకు మధ్యలో ఏడుపొచ్చింది,
అతను చూడనట్టు టీ పెట్టడానికి లేచాడు,
కెటిల్ సగమే నింపి.

ఇవాళ అక్టోబరుకి అరువిచ్చినట్టు ఎండ.
బయటికెళ్దామని మెట్టుమీద కూర్చున్నాను.
ఎంత వంగినా బూటు అందదు.
అతనే కింద కూర్చున్నాడు.
కూర్చునేటప్పుడు అతని నడుమూ ఏదో అంది,
నేను విననట్టు ఊరుకున్నాను.
లేసు లాగి, రెండు చెవులు తీసి,
గట్టిగా కాకుండా, వదులుగా కాకుండా.
నా మోకాలి ముందు అతని గుండు,
దానిమీద తలుపు సందులోంచి ఒక చారెడు వెలుతురు.
ముడి పడింది.

నాలుగిళ్ళు దిగి ఆగాం. మరో మూడు.
పోస్టుబాక్సు దాకా వచ్చాక
అతను వెనక్కి తిరిగి వీధిని చూశాడు.
"మళ్ళీ ఇదంతా ఎక్కాలి కదా" అన్నాడు.

"ఎడమకాలు ముందు" అన్నాను.